మూడోసారి ఎందుకు రాశాను

రీసెర్చ్ గ్రాంటు కోసం నేను ఇప్పటికి మూడుసార్లు అప్లికేషన్ పెట్టాను. రెండు తిరిగొచ్చాయి. మూడోది మంజూరైంది. నాలుగోది సగం రాసి టేబుల్ మీద ఉంది. మొన్న మా డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన గెస్ట్ లెక్చరర్ అమ్మాయి ఆ కాగితాలు చూసి, "ఇంత తంటా పడి ఎందుకు రాస్తారు మేడమ్? దీనివల్ల జీతమేమీ పెరగదు కదా" అని అడిగింది. జవాబు చెప్పబోయి ఆగిపోయాను. మూడుసార్లూ రాసింది నేనే అయినా ఒక్కోసారి ఒక్కో కారణంతో రాశాను. ఆ అమ్మాయికి ఆ రోజు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

అనంతపురంలో ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెబుతాను. నా పని మొక్కల వైరస్‌ల మీద, ముఖ్యంగా వేరుశనగకు వచ్చే కాండం కుళ్లు వైరస్ తెగులు మీద. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే మా జిల్లాలో "బుడ్డలు కాక ఇంకేం వేస్తాం" అనేవాడు మా నాన్న. వేరుశనగను మా వైపు బుడ్డలంటారు. 2000 సంవత్సరం ఖరీఫ్‌లో జిల్లాలోని దాదాపు 7 లక్షల హెక్టార్ల వేరుశనగలో 2.25 లక్షల హెక్టార్లను ఈ తెగులు తాకింది. నష్టం 300 కోట్ల రూపాయల పైనేనని లెక్క కట్టారు. అప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. కళ్యాణదుర్గం వైపు మా ఊళ్లో, విత్తి నెల తిరిగీ తిరక్కముందే మొక్కల చివుళ్లు వాలిపోయాయి. కాండం మీద నల్లటి చారలు పడ్డాయి. పది రోజుల్లో చేను నిప్పు తగిలినట్టు అయిపోయింది. కాయలు సరే, ఎద్దులకు వేద్దామంటే కట్టె కూడా మిగల్లేదు.

ఆ చేను చూసే నేను బోటనీలోకి వచ్చానని చెబితే వినడానికి బాగుంటుంది. కానీ అది నిజం కాదు. ఎమ్మెస్సీలో నాకు సీటు వచ్చింది బోటనీలో, చేరాను. పీహెచ్‌డీలో మా గైడు వైరస్‌ల మీద పని చేస్తుండేవారు, నేనూ చేశాను. ఆ చేనుకూ నా పనికీ ముడి పడింది చాలా ఏళ్ల తర్వాత, ఒక గ్రాంటు అప్లికేషన్ రాస్తూ రాస్తూ ఉండగా.

మొదటి అప్లికేషన్ 2014లో. ప్రతి అసిస్టెంట్ ప్రొఫెసరూ కనీసం ఒక ప్రాజెక్టుకు అప్లై చేయాలి, నెలాఖరులోగా కాపీ ఆఫీసులో ఇవ్వాలి అని సర్క్యులర్ వచ్చింది. కాలేజీలకు, విశ్వవిద్యాలయాలకు గ్రేడులిచ్చే న్యాక్ బృందం రాబోతోంది. వాళ్లు చూసే ఏడు ప్రమాణాల్లో మూడోది పరిశోధన. బయటి సంస్థల నుంచి ఎంత నిధి తెచ్చారన్నది అందులో ఒక లెక్క. అవి ప్రమోషన్‌కు ఏపీఐ స్కోరు లెక్కేసే రోజులు కూడా. పేపరుకు ఇన్ని పాయింట్లు, ప్రాజెక్టుకు ఇన్ని పాయింట్లు అని మేమందరం ఎక్సెల్ షీట్లు పెట్టుకుని తిరిగేవాళ్లం. నాకూ ప్రమోషన్ కావాలి. ఆ కోరిక తప్పని నేను ఇప్పటికీ అనుకోను. ఇంటి లోన్ ఉన్నవాళ్లకు ప్రమోషన్ విలువ తెలుసు.

పది రోజుల్లో రాసేశాను. అంశం, జిల్లాలోని ఔషధ మొక్కలు, వాటిలోని రసాయనాలు. ఎందుకంటే అది అందరూ రాసే అంశం. సీనియర్ల దగ్గర నమూనాలు దొరికేవి. లక్ష్యాలు ఐదు రాశాను. ఐదింటిలో మూడు వేరేవాళ్ల అప్లికేషన్లలో ఉన్నవే, మొక్కల పేర్లు మార్చాను అంతే. దాదాపు ఎనిమిది నెలల తర్వాత జవాబొచ్చింది. ప్రతిపాదనలో కొత్త ప్రశ్న ఏదీ లేదన్నది దాని సారాంశం. నాకు కోపం రాలేదు. ఆ మాట నాకు ముందే తెలుసు. రాసేటప్పుడు ఒక్క రాత్రి కూడా దాని గురించి ఆలోచిస్తూ మేలుకోలేదు నేను.

రెండోది 2017లో. ఈసారి నిజంగా కావాలనే రాశాను. కావలసింది ఒక మెషీన్.

అప్పట్లో మా ల్యాబ్‌లో వైరస్ ఎంత మోతాదులో ఉందో కొలిచే రియల్ టైమ్ పీసీఆర్ లేదు. ఆకుల శాంపిళ్లు పట్టుకుని హైదరాబాద్ వెళ్లేదాన్ని. సాయంత్రం నాలుగింటికి శాంపిళ్లను చిన్న ట్యూబుల్లో పెట్టి, ట్యూబులను జిప్ కవర్లలో పెట్టి, కవర్లను థర్మోకోల్ డబ్బాలో ఐస్ ప్యాకుల మధ్య సర్దేదాన్ని. మూత చుట్టూ బ్రౌన్ టేపు మూడు వరసలు. రాత్రి బస్సు. డబ్బాను కింద డిక్కీలో పెట్టమంటే ఇచ్చేదాన్ని కాదు, ఒళ్లో పెట్టుకునేదాన్ని. కర్నూలు దాటేసరికి డబ్బా అడుగున చీర తడిగా తగిలేది. అంటే ఐస్ కరుగుతోందన్నమాట. ఆర్‌ఎన్‌ఏ అంటే వైరస్ జన్యు పదార్థం, వేడి తగిలితే చాలు, ముక్కలైపోతుంది. పొద్దున్నే అక్కడికి చేరితే మెషీన్ వాళ్ల స్కాలర్లకు బుక్ అయి ఉండేది. "మధ్యాహ్నం దాకా ఆగండి మేడమ్" అనేవాళ్లు. వాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల పని వాళ్లది. కానీ కారిడార్‌లో బెంచీ మీద డబ్బా పట్టుకుని కూర్చున్నప్పుడు, మా ఊళ్లో మా గదిలో ఆ మెషీన్ ఉంటే ఎంత బాగుండు అనిపించేది. ఆ బెంచీ మీదే అనుకున్నాను, ఈసారి గ్రాంటు రాయాలని.

రాశాను. అడిగిన మొత్తంలో మూడింట రెండొంతులు ఆ పరికరానికే. నిపుణుల వ్యాఖ్య ఇలా ఉంది, పరికరం వచ్చాక ఏం తెలుసుకోదలిచారో స్పష్టంగా లేదు అని. ఈసారి మాత్రం ఏడ్చాను. బెంచీ మీద కూర్చోని వాళ్లకు మా అవస్థ ఏం తెలుస్తుంది అనుకున్నాను. నాలుగేళ్లు మళ్లీ అప్లికేషన్ జోలికి పోలేదు.

ఆ నాలుగేళ్లలో నేను చేసిన మంచి పని ఒకటుంది. చుట్టూ ఉన్నవాళ్లను అడిగాను, మీరెందుకు రాస్తారు అని. సర్వేలాగా కాదు, క్యాంటీన్‌లో టీ తాగుతూ, పరీక్షల డ్యూటీలో పక్కపక్కన కూర్చుని.

కెమిస్ట్రీ సర్ ఒకాయన దాపరికం లేకుండా చెప్పారు. "పాయింట్లమ్మా. యూజీసీ 2018 రూల్స్ చూడు, 10 లక్షలు దాటిన ప్రాజెక్టు పూర్తి చేస్తే 10 పాయింట్లు, నడుస్తుంటే 5. ఒక ప్రాజెక్టు ఉంటే ఎన్ని పేపర్ల బరువు తగ్గుతుందో లెక్కేసుకో." ఆయనకు రెండు ప్రాజెక్టులొచ్చాయి, రెండూ బాగా చేశారు కూడా. కాబట్టి పాయింట్ల కోసం రాసేవాళ్లు పని చేయరని నేను అనను.

ఫిజిక్స్‌లో నా స్నేహితురాలి జవాబు వేరు. "డబ్బాడు పిపెట్ టిప్స్ కొనాలన్నా ఫైలు పెట్టి, మూడు కొటేషన్లు తెచ్చి, రెండు నెలలు ఆగాలి. గ్రాంటు ఉంటే అడుక్కోనక్కర్లేదు. నా ప్రయోగం ఎప్పుడు చేయాలో నేను అనుకోవచ్చు." స్వేచ్ఛ అన్న మాట ఆమె వాడలేదు గానీ చెప్పింది అదే. ఇంకో సంగతి కూడా చెప్పింది, నాకు చాలా నచ్చింది. పీఐ, అంటే ప్రాజెక్టు ముఖ్య పరిశోధకురాలు, అని పేరు పక్కన రాసుకునేదాకా మీటింగుల్లో తన మాట ఎవరూ పూర్తిగా వినలేదట. ఆ తర్వాత వినడం మొదలుపెట్టారట. ఆడవాళ్లకు ఇది చిన్న విషయం కాదు.

రిటైర్మెంటుకు నాలుగేళ్లున్న ప్రొఫెసర్ గారొకరు ఉండేవారు. ఆయనకు ఇక ప్రమోషన్ లేదు, పాయింట్లు అక్కర్లేదు. అయినా ప్రతి ప్రకటనకూ రాసేవారు, పెన్నుతో. స్కాలర్ చేత టైపు చేయించి, మళ్లీ ఎర్ర ఇంకుతో దిద్దేవారు. "సర్, మీకెందుకండీ ఈ శ్రమ" అన్నాను ఒకరోజు. "ఒక పిల్లోడికి మూడేళ్లు జీతం వస్తుందమ్మా" అన్నారు. అంతే. అప్పుడు నాకు ఆ మాట పూర్తిగా ఎక్కలేదు.

రాయడం మానేసినవాళ్లనూ అడిగాను. ఒకాయనకు పదేళ్ల కిందట గ్రాంటు వచ్చింది. పని అయ్యాక ఆడిట్‌లో కొన్ని బిల్లులు చెల్లవన్నారు. ఫీల్డుకు అద్దెకు తీసుకున్న ఆటోకు సరైన రసీదు లేదు, పల్లెలో కూలీలకు ఇచ్చిన డబ్బుకు ఓచరు ఫార్మాట్ సరిగ్గా లేదు. 40 వేల పైచిలుకు జేబులోంచి కట్టారు. "ఇంట్లో ముఖం చూపించలేకపోయాను" అన్నారు. అసలు ఎప్పుడూ రాయని వాళ్లు చెప్పింది టైమ్ గురించి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల క్లాసులు అని రూలు. ఖాళీలు నింపని డిపార్ట్‌మెంట్లలో అది 20 దాటుతుంది, పైన పరీక్షల పని, హాస్టల్ వార్డెన్ పని. ఇంగ్లీషు మీద బెరుకు గురించి ఎవరూ పైకి చెప్పరు గానీ అదీ ఉంది. తెలుగు మీడియంలో చదివి వచ్చిన వాళ్లం, మా ప్రయోగం మాకు బాగా తెలుసు, దాన్ని ఢిల్లీలో కూర్చున్న నిపుణుడు మెచ్చేలా పది పేజీలు రాయాలంటే చెయ్యి ఆడదు. వీళ్లకు ఆసక్తి లేదని పై మీటింగుల్లో అంటుంటారు. అది అన్యాయమైన మాట. ఆసక్తి ఉంది. రాసిపెట్టడానికి, లెక్కలు చూడటానికి పక్కన ఒక మనిషి లేడు. పెద్ద సంస్థల్లో ఆ పనికి విడిగా ఆఫీసే ఉంటుంది.

మూడో అప్లికేషన్‌కు కారణాలు రెండు. రెండూ ఒకే నెలలో వచ్చిపడ్డాయి, 2022 జనవరిలో.

ఒకటి, మా ఎమ్మెస్సీ అమ్మాయి. రాయదుర్గం దగ్గర పల్లె. డిసర్టేషన్‌కు నా దగ్గర చేసింది. ఆకు చూసి ఏ తెగులో చెప్పే కన్ను ఉంది ఆ పిల్లకు. అది నేర్పితే వచ్చేది కాదు. లెక్చరర్ ఉద్యోగాలకు, రీసెర్చ్ ఫెలోషిప్‌లకు పెట్టే నెట్ పరీక్ష పాసైంది, కానీ లెక్చరర్‌షిప్‌కు మాత్రమే, ఫెలోషిప్ రాలేదు. టౌన్‌లో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో చేరింది. ఒక ఆదివారం ల్యాబ్‌కు వచ్చి, "పీహెచ్‌డీ చేయాలని ఉంది మేడమ్. ఫెలోషిప్ ఉంటే ఇంట్లో ఒప్పుకుంటారు. ఊరికే అయితే ఇంకో ఏడాది కూడా ఆగరు" అంది. అప్పుడు ప్రాజెక్టుల్లో పని చేసే స్కాలరుకు, అంటే జేఆర్‌ఎఫ్‌కు నెలకు 31,000. లెక్చరర్‌షిప్ నెట్ ఉన్నా ప్రాజెక్టులో తీసుకోవచ్చు. అంటే నా దగ్గర ప్రాజెక్టు ఉంటే ఆ పిల్ల ఉంటుంది, లేకపోతే వెళ్లిపోతుంది. ప్రొఫెసర్ గారి ఎర్ర ఇంకు ఆ ఆదివారం గుర్తొచ్చింది.

రెండోది మా అమ్మ. సంక్రాంతికి ఊరికి వెళ్లినప్పుడు వాకిట్లో కూర్చుని ఆమెకు నా పని గురించి చెబుతున్నాను. అంతకుముందు ఎప్పుడూ వివరంగా చెప్పలేదు, అదీ నా పొరపాటే. మన చేను పాడు చేసిన వైరస్ పేరు టుబాకో స్ట్రీక్ వైరస్ అమ్మా, అది గట్ల మీద ఉండే కాంగ్రెస్ గడ్డిలో దాగి ఉంటుంది, గడ్డి మాత్రం పచ్చగా నవనవలాడుతూనే ఉంటుంది, దానికి ఏ జబ్బూ కనపడదు అన్నాను. గడ్డి పూసినప్పుడు పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకుని వేరుశనగ మీద వాలతాయి. అవి ఆకును గీరినప్పుడు ఆ గాయంలోంచి వైరస్ లోపలికి పోతుంది. 2000 తర్వాత ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు, వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు బయటపెట్టిన సంగతి ఇది. అందుకే గడ్డిని పూతకు రాకముందే పీకేయమని, చేను చుట్టూ నాలుగైదు వరసలు జొన్నో సజ్జో వేయమని చెబుతారు.

అమ్మ అంతా విని, "వానకు మొలిచిందైతే పూతకు ముందే పీకొచ్చు పాపా. మరి చీనీ తోటలో పైపుల కాడ ఎండాకాలం గూడా పూస్తానే ఉంటాదే, దాన్నెప్పుడు పీకాల?" అంది.

నేను గ్లాసు కింద పెట్టేశాను.

2000లో మా ఊరి చుట్టూ ఇన్ని చీనీ (బత్తాయి) తోటలు లేవు. ఇప్పుడు బోర్లు, డ్రిప్పు పైపులు, పైపుకు అటూ ఇటూ తడి. ఆ తడిలో వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి, ఏప్రిల్‌లో కూడా తెల్లగా పూసి ఉంటుంది. మామూలుగా అయితే మే, జూన్ వానలకు గడ్డి మొలిచి, పూసి, ఆ పూత వేరుశనగ లేతగా ఉన్న రోజులతో కలిస్తే తెగులు. ఎండాకాలమంతా పూసే గడ్డి ఉంటే వైరస్‌కు, పురుగులకు మధ్యలో తెరిపి ఉండదు. తోట పక్కనున్న బుడ్డల చేనుకు, తోట లేని చేనుకు తేడా ఉంటుందా? దగ్గరగా ఉంటే ఎంత, దూరంగా ఉంటే ఎంత? ఎంత మెషీన్ ఉన్నా ఈ ప్రశ్న నాకు తట్టేది కాదు. రెండో అప్లికేషన్‌కు నిపుణులు రాసిన వ్యాఖ్య ఎంత సరైనదో ఆ సాయంత్రం తెలిసొచ్చింది.

రాష్ట్ర విశ్వవిద్యాలయాల వాళ్ల కోసం ఒక కేంద్ర సంస్థ ప్రకటన ఆ రోజుల్లోనే వచ్చింది. ఐఐటీల వాళ్లతో ఒకే వరసలో నిలబడి పోటీ పడనక్కర్లేదంటే ఎంత ధైర్యం వస్తుందో మా వాళ్లకే తెలుసు. నాతోపాటు మా క్యాంపస్‌లో అంతకుముందు ఎప్పుడూ రాయని వాళ్లు నలుగురు రాశారు. గెలిచే వీలు కాస్తయినా కనిపిస్తే మనిషి కదులుతాడు. ఎవరైనా పాలసీ రాసేవాళ్లు ఇది చదివితే, సర్క్యులర్ల కన్నా ఇది బాగా పని చేస్తుందని గమనించమని కోరుతున్నాను.

ఈసారి రాయడానికి ఏడు వారాలు పట్టింది. 'ఈ ప్రతిపాదన ఎలా పుట్టింది' అన్న భాగం మొదట తెలుగులో రాసుకున్నాను, అమ్మకు చెప్పినట్టే. తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకున్నాను. తెలుగులో నాలుగు వాక్యాల్లో తేలిన విషయాన్ని ఇంగ్లీషులో ఒకటిన్నర పేజీ చేశానని మార్చాక తెలిసింది. కొట్టేసి మళ్లీ నాలుగు వాక్యాలకు తెచ్చాను. లక్ష్యాలు ఐదు నుంచి మూడుకు తగ్గించాను. రాత్రి పదింటికి పాప పడుకున్నాక డైనింగ్ టేబుల్ మీద కూర్చుంటే ఒక్కోసారి రెండయ్యేది. మా ఆయన లేచి వచ్చి ఫ్యాన్ స్పీడు పెంచి వెళ్లేవారు, ఏమీ అడిగేవారు కాదు. అలసట ఉండేది గానీ విసుగు లేదు. మొదటి అప్లికేషన్ రాసిన పది రోజులు గుర్తు చేసుకుంటే ఆశ్చర్యమేస్తుంది. అప్పుడు సాయంత్రం ఆరు దాటితే ఫైలు ముట్టుకోబుద్ధయ్యేది కాదు.

బడ్జెట్ పట్టికలో మొదట జీతం గడి నింపాను. ఆ తర్వాతే పరికరాలు. వైరస్ ఉందో లేదో రంగుతో చెప్పే ఎలైసా పరీక్షకు రీడరు, మామూలు పీసీఆర్, ఒక డీప్ ఫ్రీజరు, అన్నీ కలిపి 9 లక్షలు. రియల్ టైమ్ పీసీఆర్ ఈసారి అడగలేదు. నా ప్రశ్నకు అది తప్పనిసరి కాదు. పైన రసాయనాలు, ఫీల్డు ప్రయాణాలు. మొత్తం 28 లక్షల దగ్గర తేలింది. సంతకాల కోసం ఫైలు హెడ్ నుంచి ప్రిన్సిపాల్‌కు, అక్కణ్నుంచి డీన్‌కు, రిజిస్ట్రార్‌కు తిరిగింది. గడువుకు రెండు రోజుల ముందు చేతికొచ్చింది. అప్‌లోడ్ చేశాను.

ఏడాది పైనే ఏ కబురూ లేదు.

మంజూరు మెయిల్ 2023 మే నెలలో వచ్చింది. ఇన్విజిలేషన్‌లో ఉన్నాను, ఫోన్ బయట పెట్టేశాను, సాయంత్రం చూసుకున్నాను. మొదట ఫోన్ చేసింది ఆ అమ్మాయికి. అవతల సందడిగా ఉంది. బెంగళూరులో ఒక కంపెనీలో క్వాలిటీ విభాగంలో చేరి అప్పటికి ఐదు నెలలైంది. పెళ్లి కూడా కుదిరింది. "మేడమ్, నిజంగా వచ్చిందా?" అని రెండుసార్లు అడిగింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "చాలా సంతోషం మేడమ్" అంది. ఆ గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది. గ్రాంటు నిర్ణయం ఆరు నెలల్లో వచ్చి ఉంటే ఆ పిల్ల ఈ రోజు నా ల్యాబ్‌లో ఉండేది. ఆలస్యం అంటే ఏమిటో లెక్కల్లో ఎక్కడా కనపడదు. ఒక మనిషి జీవితం ఇంకో దారి పడుతుంది.

డబ్బు వచ్చాక జరిగినవి తొందరగా చెబుతాను. నేను కొటేషన్లు తీసుకున్నప్పుడు పరిశోధన పరికరాల మీద జీఎస్టీ 5 శాతం. 2022 జూలై 18 నుంచి ఆ రాయితీ పోయి 18 శాతమైంది. 9 లక్షల మీద ఆ తేడా 1,17,000. బడ్జెట్ మాత్రం పాతదే. డీప్ ఫ్రీజరు చిన్న సైజుకు దిగాల్సి వచ్చింది. జేఆర్‌ఎఫ్ మాత్రం 2023 జనవరి నుంచి 37,000 అయింది, అది నాకు ఊరట. మార్చి 31 లోగా ఖర్చు కాని మొత్తం వెనక్కి పోతుంది, కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేను వైరస్ గురించి ఆలోచించలేదు, బిల్లుల గురించే ఆలోచించాను. మొదటి ఏడాది యూసీ, అంటే డబ్బు దేనికి ఖర్చయిందో చూపే పత్రం, మూడుసార్లు దిద్దాల్సి వచ్చింది. జేబులోంచి కట్టిన సర్ నా పక్కన కూర్చుని ఓచర్లు ఎలా పెట్టాలో నేర్పారు. ఆటోవాడి దగ్గర, కూలీల దగ్గర ఏ కాగితం ఎలా తీసుకోవాలో ఆయనకు కంఠతా వచ్చు. ఆ పని పూర్తయ్యాక, "నేనూ మళ్లీ ఒకటి రాద్దామనుకుంటున్నాను" అన్నారు. ఈ మూడేళ్లలో నాకు దొరికిన గొప్ప సంతోషాల్లో అదొకటి.

ప్రకటన ఇచ్చి ఇంటర్వ్యూ పెడితే పత్తికొండ నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. గేట్ క్వాలిఫై అయ్యాడు. మొదటి నెలలో అతనికి కాంగ్రెస్ గడ్డి పుప్పొడితో ఎలర్జీ వచ్చి చేతులంతా దద్దుర్లు. వద్దులే, ఫీల్డుకు వేరేవాళ్లను పంపుతానన్నాను. ఫుల్ చేతుల చొక్కా, గ్లౌజులు, మాస్కు వేసుకుని తనే వెళ్లాడు. ఏప్రిల్ ఎండలో పొద్దున్న ఆరింటికి బండి మీద బయల్దేరి, చీనీ తోటల్లో డ్రిప్పు పైపుల వెంబడి నడుస్తూ, పూలు తుంచి కవర్లో వేసి, కవరు మీద తోట పేరు, పైపు వరస, తేదీ రాస్తాడు. పది గంటలకల్లా ల్యాబ్‌లో ఉంటాడు. ఎలైసా ప్లేటులో 96 గుంతలు. చివరి ద్రావణం పోసి అరగంట ఆగితే వైరస్ ఉన్న గుంత పసుపు పచ్చగా మారుతుంది, లేనిది నీళ్లలా ఉండిపోతుంది. మొదటిసారి తోట శాంపిళ్ల ప్లేటు పెట్టినప్పుడు ఇద్దరం టేబుల్ దగ్గరే నిలబడ్డాం. ఇరవై నిమిషాలకు ఒక మూల గుంతలో లేత పసుపు కనిపించింది. అతను మాట్లాడకుండా నా వైపు చూశాడు. ఏప్రిల్ నెల శాంపిల్ అది, చుట్టుపక్కల ఎక్కడా బుడ్డల చేను లేని రోజులు. ఆ పేపరు ఇంకా అచ్చు కాలేదు కాబట్టి అంకెలు ఇక్కడ రాయను. కానీ ఆ రంగు చూసిన క్షణం కోసం ఇంకో ఏడు వారాలు రాత్రి రెండింటిదాకా కూర్చోమన్నా కూర్చుంటాను.

అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "నేను చెప్పలా" అంది.

ఈ మధ్య మా వాళ్లలో పరిశోధనకు నిధులిచ్చే కొత్త కేంద్ర సంస్థ గురించి చర్చ ఎక్కువైంది. 2023లో చట్టం చేసి, 2024 ఫిబ్రవరి 5 నుంచి అమల్లోకి తెచ్చిన ఏఎన్‌ఆర్‌ఎఫ్‌లో అంతకుముందు నిధులిచ్చిన సెర్బ్ కలిసిపోయింది. ఐదేళ్లలో 50,000 కోట్లు అన్నారు, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలి. పెద్ద సంస్థ ఒకటి మధ్యలో ఉండి చుట్టూ ఉన్న రాష్ట్ర విశ్వవిద్యాలయాలను కలుపుకుపోయే 'పెయిర్' అనే పథకం కూడా తెచ్చారు. మంచిదే. కానీ నా కోరిక చిన్నది. రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరిన ప్రతి కొత్త టీచర్‌కూ మొదటి ఏడాదే రెండు మూడు లక్షలు చేతికిచ్చి, ఒక చిన్న ప్రశ్న వెతుక్కోమని చెప్పాలి. చేతిలో ఒక ప్రశ్న, దాని మీద నాలుగు ప్రయోగాల ఫలితాలు ఉన్నవాళ్లను గ్రాంటు రాయమని ఎవరూ వెంటపడక్కర్లేదు. నిర్ణయం ఏదైనా ఆరు నెలల్లో చెప్పాలి. కాదంటే ఎందుకు కాదో నాలుగు వాక్యాలు రాయాలి. రెండో అప్లికేషన్‌కు వచ్చిన ఆ వ్యాఖ్య నన్ను ఏడిపించింది గానీ, మూడోది రాయించిందీ అదే.

నాలుగో అప్లికేషన్ సగంలో ఉందన్నాను కదా. పత్తికొండ అబ్బాయి ఫెలోషిప్ వచ్చే మే నెలతో ఆగిపోతుంది. అతని థీసిస్‌కు ఇంకో ఏడాది పడుతుంది. తోటల్లో గడ్డిని కోసి అక్కడే ఆచ్ఛాదనగా పరిస్తే పూత ఆగుతుందా, తామర పురుగులు తగ్గుతాయా అన్నది ఈసారి ప్రశ్న. ఇది అతనికి తట్టిన ప్రశ్న. మొదటి భాగం అతన్నే రాయమన్నాను. నిన్న రెండు పేజీలు తెచ్చాడు. చదివి, ఎర్ర పెన్ను కోసం డ్రాయర్ వెతికాను.